పొలం సింధనూరులో, వాటా బందరులో

1953లో తుంగభద్ర ఆనకట్ట సిద్ధమై కాలువలకు నీళ్లు మళ్లాక కృష్ణా డెల్టా రైతులకు కొత్త లెక్క ఒకటి తెలిసింది. ఇక్కడ ఎకరం అమ్ముకుంటే అక్కడ దానికి ఎన్నో రెట్లు కొనుక్కోవచ్చు. గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ వైపు నుంచి కుటుంబాలు బయల్దేరి సింధనూరు, మాన్వి, గంగావతి తాలూకాల్లో క్యాంపులు కట్టుకున్నాయి. కొందరు మాత్రం అక్కడ పొలం కొని, కౌలుకిచ్చి, ఇల్లూ వాకిలీ ఇక్కడే ఉంచుకున్నారు. వాళ్ల పిల్లల తరం కూకట్‌పల్లిలో ఫ్లాట్లు కొన్నది. ఇవాళ దివిసీమలో ఒక ఇంటి పెద్ద కన్నుమూస్తే ఆస్తి మూడు రాష్ట్రాల్లో ఉండటం వింతేమీ కాదు.

విల్లు రాసే అలవాటు మనకు తక్కువ. ఆ మాట ఎత్తితే "నేనెప్పుడు పోతానా అని కాచుక్కూచున్నారా" అనే జవాబు ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన పోతాడు. పెద్దదినం అయిపోయాక భార్య చేతిలో మిగిలేవి పట్టాదారు పాసుపుస్తకం ఒకటి, కన్నడంలో ఉన్న పహణి నకలు ఒకటి, ఫ్లాటు తాలూకు దస్తావేజు జిరాక్సు ఒకటి. అరుగు మీద పెద్దలు తీర్పు చెప్పేస్తారు: "పొలం ఆ రాష్ట్రంలో ఉంది గదమ్మా, అక్కడి చట్టం ఏం చెబితే అదే."

ఆ తీర్పు సగమే నిజం. కాగితాలు అక్కడివే, ఆఫీసులూ అక్కడివే, వాటా మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే. అలా ఒక్కటిగా ఉండటం వెనుక పెద్ద పనితనమే ఉంది. దాన్ని చేసినవాళ్లు బిల్లుల ముసాయిదాలు రాసిన ఉద్యోగులు. వాళ్ల పేరున విగ్రహాలుండవు. 1941లో బెనెగల్ నరసింగరావు అధ్యక్షతన మొదలైన హిందూ లా కమిటీ నుంచి, అంబేద్కర్ మంత్రి పదవి వదులుకోవడానికి ఒక కారణమైన హిందూ కోడ్ బిల్లు మీదుగా, 1956 జూన్ 17న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం దాకా చాలా చేతులు పడిన పని అది. చట్టం మొత్తాన్ని నేను మెచ్చుకోబోవడం లేదు. అందులో కొన్ని అతుకులను, వాటికి బయటి నుంచి బిగించిన రెండు మేకులను దగ్గరగా చూడదగినవిగా భావిస్తున్నాను.

మొదట 10వ సెక్షను. విల్లు లేకుండా పోయిన మగవాడి ఆస్తిని ఒకటో తరగతి వారసుల మధ్య ఎలా పంచాలో చెప్పేది అదే. అందులో ఉన్నవి నాలుగే నియమాలు. భార్యకు ఒక వాటా. భార్యలు ఒకరికి మించి ఉంటే అందరికీ కలిపి ఒకటే వాటా. బతికున్న కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి తలా ఒక వాటా. ముందే పోయిన కొడుకు లేదా కూతురి శాఖకు ఒక వాటా. ఆ శాఖ లోపల ఎలా పంచుకోవాలో నాలుగో నియమం.

కాగితం మీద పెట్టి చూద్దాం. చల్లపల్లి దగ్గరి రైతు ఒకాయనకు సింధనూరు తాలూకాలో స్వార్జితం పది ఎకరాలుంది. ఆయన పోయేనాటికి తల్లి ఉంది, భార్య ఉంది, ఇద్దరు కూతుళ్లున్నారు. కొడుకు ముందే పోయాడు. కోడలు, ఓ మనవడు మిగిలారు. తల్లికి ఒకటి, భార్యకు ఒకటి, కూతుళ్లకు రెండు, కొడుకు శాఖకు ఒకటి, వెరసి ఐదు వాటాలు. తలా రెండెకరాలు. కొడుకు శాఖకు వచ్చిన రెండెకరాల్లో కోడలికి ఎకరం, మనవడికి ఎకరం. వేళ్లమీద లెక్క అయిపోయింది. మరో ఇద్దరు కూతుళ్లను చేర్చి చూడండి, తల్లిని తీసేసి చూడండి. నియమాల్లో ఒక్క అక్షరం కదలదు, భాగించే అంకె ఒక్కటే మారుతుంది.

దీని పక్కనే ఉన్న 9వ సెక్షను ఒకటో తరగతి వాళ్లంతా ఏకకాలంలో, మిగతా అందరినీ మినహాయించి తీసుకుంటారంటుంది. ఏకకాలంలో అన్న ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడండి. భార్యకు తన వంతు వచ్చేదాకా కాచుకునే పని లేదు. కొడుకు దగ్గర నుంచి ఆమెకు రావలసింది ఏదీ లేదు. భర్త పోయిన క్షణానే కొడుకుతో పాటు, కొడుకంతే ఆమె వాటాదారు. మరిది, బావగారు, వాళ్ల కొడుకులు ఆ గడప దాటి లోపలికి రాలేరు. ఒకటో తరగతిలో ఒక్కరున్నా రెండో తరగతి తలుపు మూసే ఉంటుంది. 19వ సెక్షను ప్రకారం వాళ్లు ఉమ్మడి కుటుంబంలా కాక ఎవరి వాటాకు వాళ్లే యజమానులుగా తీసుకుంటారు. అందుచేత తన వాటా అమ్ముకోవాలంటే ఆమె కొడుకు సంతకం కోసం బతిమాలుకోవలసిన పని లేదు. అయితే 22వ సెక్షను తోటి వారసులకు ముందుగా కొనే హక్కు ఇచ్చింది. బయటివాడు వచ్చి మధ్యలో కూర్చోకుండా వేసిన చిన్న గడియ అది.

"భార్యలందరికీ కలిపి ఒకటే" అన్న మాట 1956లో ఎందుకని కొందరు అడుగుతారు. 1955లోనే హిందూ వివాహ చట్టం రెండో పెళ్లిని చెల్లదంది. కానీ అంతకుముందు ధర్మబద్ధంగా ఇద్దరిని చేసుకున్నవాళ్లు బతికే ఉన్నారు. చట్టం మారినంత మాత్రాన ఆ ఇళ్లు మాయం కావని ముసాయిదా రాసినవాళ్లకు తెలుసు. 1955 తర్వాత క్యాంపులో రెండో సంసారం పెట్టినవారి సంగతి వేరు. ఆ స్త్రీకి భార్యగా వాటా లేదు. పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో ఉంది. వివాహ చట్టంలోని 16వ సెక్షను వాళ్లను సక్రమ సంతానంగానే చూస్తుంది. 2023 సెప్టెంబరులో రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే గట్టిపరచింది. అదీ కర్ణాటక నుంచి వెళ్లిన వ్యాజ్యమే.

ఈ పనితనం విలువ తెలియాలంటే దానికి ముందు ఏముండేదో చూడాలి. పాత పద్ధతిలో వితంతువు చేతికి భూమి వచ్చినా తన జీవితాంతం అనుభవించడానికే వచ్చేది. అమ్మే హక్కు లేదు. ఆమె పోగానే భర్త వారసులకు వెనక్కి వెళ్లాలి. ఆ వెనక్కి వెళ్లేవాళ్లను రివర్షనర్లనేవారు. ఆమె పొలం తాకట్టు పెడితే అది కుటుంబ అవసరానికేనా కాదా అని ఇరవయ్యేళ్ల తర్వాత కూడా దావా వెయ్యొచ్చు. 1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వచ్చి వితంతువుకు కొడుకుతో సమానమైన వాటా ఇచ్చింది. అయితే అదీ జీవితకాలానికే. పైగా 1941లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం రాష్ట్రాలలోని సాగుభూములకు వర్తించదంది. సాగుభూమి తప్ప వేరే ఆస్తి లేని డెల్టా ఇల్లాలికి ఇక అందులో మిగిలిందేమిటి? ఆ లోటు మద్రాసు ప్రభుత్వం 1947లో తన చట్టంతో పూడ్చింది. అంటే అప్పట్లో కృష్ణా జిల్లాలో పొలమున్న వితంతువుకు ఒక హక్కు, నైజాం సరిహద్దు దాటితే ఇంకొకటి. పరాయి రాష్ట్రంలో ఆస్తి అన్నది ఆ రోజుల్లో నిజంగానే పరాయిది.

1956 చట్టంలోని 14వ సెక్షను ఈ ముడినంతా ఒక్క దెబ్బకు కోసేసింది. హిందూ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి, చట్టానికి ముందు వచ్చినా తర్వాత వచ్చినా, ఆమెకు పరిమిత హక్కుతో కాక సంపూర్ణ హక్కుతో చెందుతుందన్నది. "ముందు వచ్చినా" అన్న ఆ రెండు మాటలు లేకపోతే అప్పటికి బతికున్న వితంతువులెవరికీ మేలు జరిగేది కాదు. ఫలం ఇంకో తరానికి గానీ అందేది కాదు. ఆ సెక్షనులోనే రెండో ఉపవిభాగం ఒక మినహాయింపు పెట్టింది: దానపత్రం, విల్లు, కోర్టు డిక్రీ వంటివాటి ద్వారా పరిమిత హక్కే ఇచ్చి ఉంటే అది పరిమితంగానే ఉంటుంది. లాయర్లు ఆ సందులోంచి దూరడానికి ఇరవయ్యేళ్లు ప్రయత్నించారు. నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టులో 1940లలో మనోవర్తి దావాగా మొదలైన ఒక తెలుగు వితంతువు కేసు, తులశమ్మ వర్సెస్ శేషారెడ్డి, 1977 మార్చిలో ఆ సందును దాదాపు మూసేసింది. పరిష్కారపత్రంలో జీవితాంతమే అనుభవించాలని రాసి ఉన్నా, ఆమెకు ఆ ఆస్తి వచ్చింది మనోవర్తి అనే పూర్వహక్కుకు బదులుగానే కాబట్టి అది సంపూర్ణ హక్కవుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఇవాళ్టికీ దేశమంతటా కోర్టుల్లో వినిపిస్తూనే ఉంది.

సరిహద్దుల సంగతికి వద్దాం. చట్టం వచ్చిన 1956 జూన్‌లో బందరు ఆంధ్ర రాష్ట్రంలో ఉంది, సింధనూరున్న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. ఆ నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి, హైదరాబాదు నగరం మనతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. 2014 జూన్ 2న ఆ నగరం తెలంగాణ రాజధానిగా వేరైంది. ఆ ఉదయం కూకట్‌పల్లిలో ఫ్లాటున్న గుడివాడ కుటుంబాలు ఎక్కడికీ కదలకుండానే పరాయి రాష్ట్రంలో ఆస్తిపరులైపోయాయి. ఇన్ని గీతలు చెరిగి మళ్లీ గీసినా 10వ సెక్షనులో భార్య వాటాను ఎవరూ ముట్టుకోవలసిన అవసరం రాలేదు. ఈ రాష్ట్రాలు వేరుగా నడిచిన చోటు ఒక్కటే, పూర్వార్జితంలో కూతుళ్ల జన్మహక్కు. 1983లో గుడివాడ నుంచి శాసనసభకు గెలిచిన నందమూరి తారక రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ ఆంధ్రలో 1985 సెప్టెంబరు నుంచి అమలైతే, కర్ణాటకలో అటువంటిది 1994లో వచ్చింది, దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న. ఆ కేంద్ర సవరణే 4వ సెక్షనులో సాగుభూముల గురించి రాష్ట్రాల కౌలుచట్టాలకు వదిలిన మినహాయింపునూ ఎత్తేసింది. అయినా ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల సాగుభూమి వారసత్వం ఇప్పటికీ ఆ రాష్ట్రపు రెవెన్యూ కోడ్ ప్రకారం నడుస్తుంది కాబట్టి అటువైపు పొలం కొన్నవాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు. మనవాళ్లు అంత దూరం వెళ్లింది తక్కువే.

నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చిన సెక్షను 21వది. ఒక్క వాక్యం. ఇద్దరు మనుషులు ఎవరు ముందు ఎవరు వెనుక పోయారో తెలియని పరిస్థితిలో చనిపోతే, వారసత్వం విషయంలో, భిన్నంగా రుజువయ్యేదాకా, పెద్దవారి తర్వాత చిన్నవారు బతికి ఉన్నట్టు భావించాలంటుంది. ఎక్కడో ఓడ మునకలకూ రైలు ప్రమాదాలకూ అనుకుని రాసినట్టుంటుంది. 1977 నవంబరు 19న దివిసీమకు దాని అవసరం వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి వైపు ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఒకే కప్పు కింద భర్త, భార్య, పిల్లలు పోయిన ఇళ్లున్నాయి. ఎవరు ముందు? చెప్పడానికి సాక్షి ఎవరూ మిగల్లేదు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారంటారు. అప్పుడు ఈ ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు లేదు.

ఈ వాక్యానికి మూలం ఇంగ్లండులో 1925 నాటి ఆస్తి చట్టంలోని 184వ సెక్షను. కానీ మనవాళ్లు దాన్ని ఎత్తుకొచ్చి అలాగే పెట్టలేదు. అక్కడ "కోర్టు ఉత్తర్వుకు లోబడి" అని ఉంటే, మనవాళ్లు "భిన్నంగా రుజువయ్యేదాకా" అని మార్చారు. న్యాయమూర్తి ఇష్టానికి వదలక సాక్ష్యానికి వదిలారు. ఫ్రాన్సు 1804 నాటి సివిల్ కోడ్‌లో ఇదే ప్రశ్నకు ఎంత గజిబిజి జవాబుందో చూస్తే మనవాళ్ల నేర్పు తెలుస్తుంది. అందరూ పదిహేనేళ్ల లోపువాళ్లయితే పెద్దవాడు, అందరూ అరవై దాటినవాళ్లయితే చిన్నవాడు, మధ్య వయసువాళ్లలో వయసు దాదాపు సమానమైతే మగవాడు బతికినట్టు లెక్క. ఎవరు ఈత కొట్టగలరో ఊహించబోయారు. దాదాపు రెండు శతాబ్దాలు గడిచాక 2001లో దాన్ని తీసేశారు. మన వాక్యంలో బలం, లింగం, ఈత ఏమీ లేవు. పుట్టిన తేదీ ఉంటే చాలు.

ఇంత మెచ్చుకున్నాక దాని కిందున్న పగులు కూడా చూపించాలి. ఉప్పెనలో భర్త, అతనికన్నా చిన్నదైన భార్య పోయారు, పిల్లలు లేరనుకుందాం. భార్య పేర పెళ్లిలో తండ్రి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన రెండెకరాలుంది. 21 ప్రకారం భర్త ముందు పోయాడు, కాబట్టి ఆమె భూమి అతనికి వెళ్లదు. ఇక 15వ సెక్షను: స్త్రీ ఆస్తి మొదట కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు, వాళ్లు లేకపోతే భర్త వారసులకు, ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులకు. పసుపు కుంకుమగా రాసిచ్చిన తండ్రి బతికే ఉన్నా వరసలో మూడోవాడు. అల్లుడికి తమ్ముడొక్కడే మిగిలితే ఆ రెండెకరాలు అతనికే పోతాయి. దానం కాకుండా వారసత్వంగా తండ్రి నుంచి వచ్చిన భూమి అయితే 15వ సెక్షను రెండో ఉపవిభాగం దాన్ని పుట్టింటికి తిప్పుతుంది; దానంగా వచ్చినదానికి ఆ రక్షణ లేదు. బతికుండగా ప్రేమతో ఇచ్చిన తండ్రికన్నా ఏమీ ఇవ్వకుండా పోయిన తండ్రి కుటుంబానికి ఎక్కువ దక్కుతుందన్నమాట. అదే దంపతులకు ఎనిమిదేళ్ల కూతురుండి ఆ పిల్లా పోయిందనుకోండి. తండ్రి, తల్లి, పిల్ల అన్న వరసలో అంతా పిల్లకు చేరుతుంది. అక్కడి నుంచి తల్లి ద్వారా వచ్చిన భూమి కూడా తండ్రి వారసులకే. స్త్రీని భర్త ఆస్తిలో వాటాదారుగా చూసినప్పుడు ఇంత చక్కగా కుదిరిన అతుకు, ఆమె ఆస్తి ఎవరికి పోవాలన్న చోట వదులై పోయింది. రాసినవాళ్లకు అక్కడ ఆమెకన్నా ఆమె మీదుగా నడిచే వంశమే కనబడినట్టుంది.

గల్లంతైనవాళ్ల కథ ఇంకోటి. శవం దొరకని మనిషిని ఏడేళ్లు ఎవరూ చూడకపోతే, వినకపోతే పోయినట్టు భావించవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది. ఇప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ నియమం ఉంది. కానీ పోయాడన్నదే ఊహ. ఏ రోజున పోయాడన్నదానికి ఊహ లేదు, రుజువు చేసుకోవలసిందే. వేటకెళ్లి రాని మత్స్యకారుల ఇళ్లలో దీని బరువు తెలుస్తుంది.

ఇప్పుడు బయటి మేకులు. వాటా ఎంతో తేలింది, సరే. పొలం అయిదువందల కిలోమీటర్ల దూరాన ఉంది. తోటి వారసుడు ఒకరు సంతకం పెట్టనంటే దావా ఎక్కడ వెయ్యాలి? భూమి ఎక్కడుంటే అక్కడి కోర్టులో అన్నది 16వ సెక్షను, 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో. దాని వెంటనే 17వ సెక్షను ఒక వాక్యంలో బందరు వితంతువుకు బస్సు ఛార్జీలు మిగిల్చింది. ఆస్తి వేరువేరు కోర్టుల పరిధిలో ఉంటే, అందులో ఏ కాస్త భాగం ఏ కోర్టు పరిధిలో ఉన్నా ఆ కోర్టులోనే మొత్తానికీ దావా వేసుకోవచ్చు. దివిసీమలో భర్త పేర ఎకరం ఉంటే చాలు, సింధనూరు పొలాన్నీ కూకట్‌పల్లి ఫ్లాటునూ కలిపి భాగపంపిణీ దావా అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో నడుపుకోవచ్చు. 2019లో శివనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక షరతు గుర్తుచేసింది: వ్యాజ్య కారణం ఒకటే కావాలి, సంబంధం లేని ఆస్తిని పక్కకు తెచ్చి అతికించకూడదు. ఒక మనిషి మరణంతో తెరుచుకున్న వారసత్వానికి సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

బ్యాంకు డిపాజిట్ల విషయంలో 1925 భారతీయ వారసత్వ చట్టం ఇంకా దయగలది. ఆయన మామూలుగా నివసించిన చోటి జిల్లా కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. 1923లో ఆంధ్రా బ్యాంకును కన్న ఊరు బందరు; అక్కడి కోర్టు కాగితం పట్టుకుని సింధనూరులో ఏ బ్యాంకు కౌంటరు దగ్గరైనా నిలబడవచ్చు. అయితే ఈ సర్టిఫికెట్ అప్పులకు, డిపాజిట్లకు, షేర్లకే. పొలానికి, ఇంటికి అది పనిచేయదు. అది తెలియక నెలల తరబడి దానికోసం తిరిగేవాళ్లున్నారు. నామినీగా భార్య పేరున్నా నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదని 1984 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

రెండో మేకు రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షను, అదీ 1908దే. సింధనూరు సబ్ రిజిస్ట్రారు దగ్గరకు ఆమె వెళ్లలేకపోతే తమ్ముడికో అల్లుడికో పవర్ ఇవ్వాలి. ఆ పవరును తానున్న చోటి సబ్ రిజిస్ట్రారు ముందే రాసి ధ్రువీకరింపజేసుకుంటే చాలు, కర్ణాటకలో చెల్లుతుంది. మంచం దిగలేని మనిషైతే ఆఫీసుకే రానక్కర్లేదు. అధికారి ఇంటికి వెళ్లి ఇష్టపూర్వకంగా రాసిందో లేదో విచారించి ధ్రువీకరించవచ్చు. నూరేళ్లు దాటిన ఈ ఏర్పాటు గోషా స్త్రీల కాలంలో పుట్టింది, మోకాళ్ల నొప్పుల కాలంలోనూ అక్కరకొస్తోంది.

ఇక చివరి పనివాడు దస్తావేజు లేఖరి. వారసులంతా ఒప్పుకుంటే రాయవలసింది పారీఖత్తో, హక్కు విడుదల దస్తావేజో. "పుత్రపౌత్ర పారంపర్యంగా దానవిక్రయాది సర్వహక్కులతో" వంటి మాటలు ఎవరైనా రాసేస్తారు. లేఖరి చేయి తెలిసేది షెడ్యూలు దగ్గర. మనవైపు భూమిని ఎకరాలు, సెంట్లలో రాస్తాం. కర్ణాటకలో, తెలంగాణలో ఎకరాలు, గుంటలు. ఎకరానికి నూరు సెంట్లు, నలభై గుంటలు. సింధనూరు పహణిలో 2-20 అని ఉంటే అది రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మనవైపు కళ్లతో చదివితే రెండెకరాల ఇరవై సెంట్లు. ఆ చిన్న గీత దగ్గర ముప్పై సెంట్లు మాయమైపోతాయి. మంచి లేఖరి అక్కడ అంకెతో ఆగడు, "రెండు ఎకరముల ఇరువది గుంటలు, అనగా 2.50 ఎకరములు" అని అక్షరాల్లోనూ రాసి, సర్వే నంబరు పక్కన కర్ణాటకవాళ్ల హిస్సా నంబరు వేసి, హద్దుల్లో మన పంటబోదె బదులు అక్కడి కాలువ డిస్ట్రిబ్యూటరీ పేరు పెడతాడు. పొలం చూడకుండానే నాలుగు హద్దులూ ఒకదానితో ఒకటి కలిసేలా రాయగలగడం చదువుతో వచ్చేది కాదు.

కాగితాల పేర్లు కూడా అతను గుర్తుపెట్టుకోవాలి. మన తహసీల్దారు మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇస్తాడు. కర్ణాటకలో వంశవృక్షం అడుగుతారు, పౌతి ఖాతా, అంటే పోయినవారి ఖాతాను వారసుల పేర మార్చడం, చేసేది దాన్ని చూసే. తెలంగాణ పల్లెల్లో అదే పని విరాసత్. వంశవృక్షం నిజంగా చెట్టులాగే గీస్తారు: పైన పోయిన మనిషి, కింద కొమ్మలు, ఎవరి పక్కన వాళ్ల వయసు. కూతుళ్ల పేర్లు పెళ్లిళ్లయ్యాయని వదిలేయడం అక్కడా ఇక్కడా పాత జబ్బే. వదిలేస్తే పౌతి ఆగకపోవచ్చు గానీ ఆ కూతురి హక్కూ పోదు. ఇలా పేరు మార్చే మ్యుటేషన్, పన్ను ఎవరు కట్టాలో చెప్పే పని చేస్తుంది తప్ప హక్కును పుట్టించదు, తీసేయదు అని 1996లో సవర్ణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా హిందూ కుటుంబాల సంగతి. బందరులో ముస్లింలూ క్రైస్తవులూ తక్కువేమీ కాదు. ముస్లిం భార్యకు పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. క్రైస్తవ భార్యకు 1925 చట్టం ప్రకారం సంతానముంటే మూడో వంతు, సంతానం లేక బంధువులే ఉంటే సగం. ఆ భాగాల్లో కూడా రాష్ట్రపు గీతలు అడ్డురావు.

అడ్డొచ్చేది సముద్రం దాటినప్పుడు. గుడివాడ కుర్రాడు టెక్సాస్‌లో ఇల్లు కొని విల్లు లేకుండా పోతే, ఆ ఇంటికి మన 10వ సెక్షను వర్తించదు. భూమి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు చట్టమే. దంపతులు కాపురం చేస్తుండగా సంపాదించిన ఇల్లు, పిల్లలంతా ఆ ఇద్దరి పిల్లలే అయితే, అతని సగం కూడా భార్యకే వస్తుంది. పెళ్లికి ముందే కొన్న ఇల్లయితే పిల్లలున్న భార్యకు వచ్చేది మూడో వంతు మీద జీవితకాలపు అనుభవం మాత్రమే. రివర్షనర్లతో సహా మన దగ్గర 1956లో మూట కట్టి పంపేసిన ఆ పరిమిత హక్కు హ్యూస్టన్‌లో ఇంకా కాపురం చేస్తోంది. దాన్ని చూసినప్పుడు 14వ సెక్షను రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. తండ్రి రాసిచ్చిన పసుపు కుంకుమ భూమి విషయంలో మాత్రం 15వ సెక్షనుకు మన శాసనకర్తలు ఇంకా పని బాకీ ఉన్నారు. అది తీరేదాకా ఆ రెండెకరాలున్న ఇల్లాలు తెల్లకాగితం మీద, ఇద్దరు సాక్షుల ముందు, తన విల్లు తాను రాసుకోవచ్చు. దానికి స్టాంపు పేపరూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు.